విలేఖరికి విశ్వవిద్యాలయం ఎందుకు?

(నార్ల వెంకటేశ్వరరావు స్మారకోపన్యాసం)



నార్ల గారి పేరున ఏర్పాటైన వేదిక మీద జర్నలిజం చదువు గురించి మాట్లాడబోతే మొదటి అడుగులోనే ఒక చిక్కు ఎదురవుతుంది. నార్ల ఏ విశ్వవిద్యాలయంలోనూ జర్నలిజం చదవలేదు. ఆయన ఆంధ్రప్రభ సంపాదకుడయ్యేనాటికి మద్రాసు విశ్వవిద్యాలయంలో ఆ శాఖే పుట్టలేదు. కృష్ణాపత్రికను నిలబెట్టిన ముట్నూరి కృష్ణారావు గారి దగ్గర గానీ, 1926లో గోలకొండ పత్రికను స్థాపించిన సురవరం ప్రతాపరెడ్డి గారి దగ్గర గానీ జర్నలిజం పట్టా లేదు. తెలుగు పత్రికలకు పునాదులు వేసినవాళ్లు ఆ చదువు లేకుండానే వేశారు. మరి ఇవాళ విశ్వవిద్యాలయాల్లో జర్నలిజం శాఖలు ఎందుకుండాలి? పత్రికలకు మనుషులను తయారు చేసి పంపడానికే అయితే ఆ పని పత్రికలే చేసుకుంటున్నాయి, శాఖలకంటే బాగానే చేసుకుంటున్నాయి. ఈ ప్రశ్నను దాటవేయకుండా జవాబు వెతకడమే ఇవాళ్టి నా పని. నా జవాబు ముందే చెప్పేస్తాను. వార్త రాయడం, శీర్షిక పెట్టడం, పేజీ కట్టడం యజమాని నేర్పగలడు. ఎవరు చెప్పిన మాటకైనా, చివరికి తన యజమాని మాటకైనా రుజువు అడగడం మాత్రం ఏ యజమానీ తన ఉద్యోగికి నేర్పడు. ఆ చదువు చెప్పగలిగింది విశ్వవిద్యాలయమే. అది చెప్పనంతకాలం జర్నలిజం శాఖ ఉన్నా లేకపోయినా ఒకటే.

ఈ వాదం కొత్తది కాదు. జర్నలిజం చదువు పుట్టుకలోనే ఉంది. పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ కొలంబియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం కళాశాల పెట్టడానికి 20 లక్షల డాలర్లు ఇస్తానన్నప్పుడు, అందులో ఏం నేర్పాలన్న దాని మీద పెద్ద చర్చ జరిగింది. హార్వర్డ్ అధ్యక్షుడు చార్లెస్ ఎలియట్ ఇచ్చిన పాఠ్యప్రణాళికలో ప్రకటనలు, సర్క్యులేషన్, పత్రికా నిర్వహణ కూడా ఉన్నాయి. పత్రికల వ్యాపారంలో తలపండిన పులిట్జర్ దాన్ని ఒప్పుకోలేదు. 1904లో రాసిన వ్యాసంలో ఆయన చరిత్ర, న్యాయశాస్త్రం, ఆర్థికశాస్త్రం, గణాంకాలు, నీతి నేర్పాలన్నాడు, వ్యాపార నిర్వహణ వద్దన్నాడు. సంచలన వార్తలతో సొమ్ము చేసుకున్నవాడే ఈ మాట అనడం కొందరికి విడ్డూరంగా తోచవచ్చు. కానీ వ్యాపారం వార్తను ఎంత దూరం లాక్కుపోతుందో అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. కొలంబియా కళాశాల అతను పోయిన తర్వాత 1912లో మొదలైంది. అప్పటికే 1908లో మిస్సోరి విశ్వవిద్యాలయంలో వాల్టర్ విలియమ్స్ మరో దారి తొక్కాడు. పాఠాలు మొదలైన రోజు నుంచే విద్యార్థులు ఊరికి నిజమైన దినపత్రికను తీసుకురావడం ఆ దారి. చిత్రమేమిటంటే విలియమ్స్‌కు కళాశాల డిగ్రీ లేదు, అయినా తర్వాత ఆ విశ్వవిద్యాలయానికే అధ్యక్షుడయ్యాడు. ఒకచోట జ్ఞానం, ఇంకొకచోట అభ్యాసం. రెండూ కావాలన్నది అప్పుడే తేలిపోయింది. తర్వాత వందేళ్లుగా జరుగుతున్న తగవంతా ఏది ఎంత అన్నదే.

మన దేశంలో ఈ చదువు జాతీయోద్యమం నీడలో మొదలైంది. 1920లో అనీబిసెంట్ అడయారులోని జాతీయ విశ్వవిద్యాలయంలో జర్నలిజం బోధనకు శ్రీకారం చుట్టారు. 1938లో అలీగఢ్‌లో డిప్లొమా కోర్సు వచ్చి రెండేళ్లకే ఆగిపోయింది. 1941లో లాహోరులోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో పి.పి. సింగ్ పెట్టిన శాఖ దేశ విభజనతో ఢిల్లీకి తరలింది. 1947లో మద్రాసు, 1952లో నాగపూర్ హిస్లప్ కళాశాల, 1954లో ఉస్మానియా వరసగా వచ్చాయి. హిస్లప్‌కు రోలాండ్ వూల్స్‌లీ, ఉస్మానియాకు డి ఫారెస్ట్ ఓడెల్ అమెరికా నుంచి వచ్చి పునాదులు వేశారు. ఓడెల్ అమెరికాలో జర్నలిజం విద్య చరిత్ర మీద పుస్తకం రాసినవాడు. అంటే ఉస్మానియాకు దొరికింది ఆ విషయం ఆనుపానులు తెలిసిన మనిషే. కానీ ఆ చదువు ఇంగ్లీషులో, ఇంగ్లీషు పత్రికల నమూనాలతో సాగింది. ఆ పట్టాలతో బయటికొచ్చిన చాలామందికి ఇంగ్లీషు పత్రికలు, ప్రభుత్వ సమాచార శాఖ, ప్రజాసంబంధాల ఉద్యోగాలే సహజమైన గమ్యాలయ్యాయి. జిల్లాల్లో తెలుగు పత్రికకు వార్తలు పంపే విలేఖరికీ ఆ తరగతి గదికీ సంబంధం కుదరలేదు. 1960, 70లలో ఇంకో మలుపు వచ్చింది. విల్బర్ ష్రామ్ అమెరికాలో నిలబెట్టిన కమ్యూనికేషన్ శాస్త్రం మన దేశానికి అభివృద్ధి ప్రచారం రూపంలో చేరింది. 1965లో ఢిల్లీలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్ ఏర్పడింది. క్రమంగా జర్నలిజం శాఖల పేర్లలో మాస్ కమ్యూనికేషన్ వచ్చి చేరింది. వార్త, ప్రకటన, ప్రజాసంబంధాలు, సినిమా ఒకే కప్పు కిందికి వచ్చాయి. వార్త పని నిజం బయటపెట్టడం. ప్రకటన, ప్రజాసంబంధాల పని డబ్బిచ్చినవాడికి అనుకూలంగా మాట్లాడటం. ఈ రెంటినీ ఒకే విద్య కింద నేర్పినప్పుడు విద్యార్థి మనసులో వాటి మధ్య గీత చెరిగిపోతుంది. పులిట్జర్ ఎలియట్‌కు ఎందుకు అడ్డు చెప్పాడో ఇక్కడ అర్థమవుతుంది.

ఇదే కాలంలో తెలుగు పత్రికలు విశ్వవిద్యాలయాలను పట్టించుకోకుండా తమ దారి తాము చూసుకున్నాయి. 1974లో విశాఖపట్నంలో ఈనాడు మొదలయ్యాక తెలుగు పత్రిక నగరాన్ని దాటి జిల్లా కేంద్రాలకు చేరింది. 1989 నుంచి జిల్లా అనుబంధాలతో పల్లె వార్తకు రోజూ చోటు దొరికింది. ఆస్ట్రేలియా పండితుడు రాబిన్ జెఫ్రీ భారతీయ భాషా పత్రికల విప్లవం గురించి రాసినప్పుడు తెలుగు పత్రికల ఈ విస్తరణకు ప్రత్యేక స్థానం ఇచ్చారు. ఇంత పెద్ద ఎత్తున పెరిగిన పత్రికకు వందల సంఖ్యలో సబ్ ఎడిటర్లు, విలేఖరులు కావలసి వచ్చింది. విశ్వవిద్యాలయాల దగ్గర తెలుగులో రాయగల మనుషులు ఆ సంఖ్యలో లేరు. దాంతో పత్రికలే సొంత జర్నలిజం పాఠశాలలు పెట్టుకున్నాయి. తెలుగు అకాడమీలో పనిచేసిన భాషాశాస్త్రవేత్త బూదరాజు రాధాకృష్ణ గారు ఈనాడు జర్నలిజం స్కూలు ప్రిన్సిపాల్‌గా ఒక తరం పాత్రికేయులకు వాక్యం రాయడం నేర్పారు. పత్రికల తెలుగుకు దొరికిన మేటి గురువుల్లో ఒకరు విశ్వవిద్యాలయం జర్నలిజం శాఖలో కాక ఒక పత్రిక నడిపే బడిలో పాఠాలు చెప్పారంటే, అది ఆ పత్రికకు గౌరవం, మన విశ్వవిద్యాలయాలకు హెచ్చరిక. 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయం తెలుగులోనే జర్నలిజం నేర్పడానికి పూనుకుంది గానీ, అప్పటికే పత్రికలు తమకు కావలసినవాళ్లను తామే తయారుచేసుకోవడం మొదలైంది. నేర్పుతూనే కొంత భృతి ఇచ్చి, ఆ వెంటనే ఉద్యోగం చూపించే బడితో, పట్టా ఒక్కటే ఇచ్చే బడి పోటీ పడలేదు.

పత్రికల బళ్లను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. ఇవాళ మనం చదువుతున్న సరళమైన పత్రికా తెలుగు వాటి కృషి. కానీ ఆ బడికి పుట్టుకతోనే ఒక హద్దు ఉంది. జీతమిచ్చే సంస్థ నేర్పే చదువు ఆ సంస్థ అవసరం దగ్గర ఆగిపోతుంది. ఆ హద్దు 2009లో అందరికీ కనిపించింది. ఆ ఏడాది ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా అచ్చేసిన తీరు మీద ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల యూనియన్ గొంతెత్తింది. మహారాష్ట్ర ఎన్నికల గురించి పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. ప్రెస్ కౌన్సిల్ పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి గార్లతో ఉపసంఘం వేసింది. వాళ్లు పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. 2010లో కౌన్సిల్ దాన్ని కుదించి, పేర్లు లేని నివేదికను ఆమోదించింది. మొత్తం నివేదిక బయటికి రావడానికి 2011లో కేంద్ర సమాచార కమిషన్ ఆదేశం కావలసి వచ్చింది. విలేఖరుల చేత, కంట్రిబ్యూటర్ల చేత ప్రకటనలు సేకరింపజేసి, జీతానికి బదులు కమిషన్ ఇచ్చే పద్ధతి మానుకోవాలన్నది ఆ కసరత్తులో వచ్చిన సిఫార్సుల్లో ఒకటి. అచ్చయిన పంక్తుల లెక్కన అందే లైన్ అకౌంట్ మీద బతికే మండల కంట్రిబ్యూటర్ ఏ స్థితిలో వార్త రాస్తున్నాడో తెలిసినవాళ్లకు ఆ సిఫార్సు బరువు తెలుస్తుంది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ వ్యవహారాన్ని తవ్వితీసింది ఉద్యోగుల సంఘం, ఒకరిద్దరు పాత్రికేయులు. ఎన్నికల సమయంలో పేపర్లు ముందేసుకుని, ప్రకటన ఏదో వార్త ఏదో కొలతలు తీసి చెప్పడం విశ్వవిద్యాలయం చేయదగిన పరిశోధన. అందుకు తీరిక, విద్యార్థులు, గ్రంథాలయంలో పాత పత్రికలు అన్నీ ఉన్నది అక్కడే. యజమానితో తగవు పెట్టుకునే భయం లేనిదీ అక్కడే.

రుజువు అడిగే చదువు అంటే ఉపన్యాసాల్లో చెప్పే నీతిపాఠం కాదు. అది కాగితాలు చదవడం దగ్గర మొదలవుతుంది. తెలుగు నేల నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 జీవో ఇచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్షన్నర రూపాయల సాయం, అది నిజంగా వ్యవసాయ కారణాల వల్ల జరిగిందా అని తేల్చడానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీలతో త్రిసభ్య కమిటీ అందులో ఉన్నాయి. ఊళ్లో రైతు పురుగుల మందు తాగి చనిపోయాడన్నది వార్త. కానీ ఆ కుటుంబానికి సాయం వస్తుందా రాదా అన్నది ఎఫ్ఐఆర్‌లో ఏం రాశారు, పట్టాదారు పాసుపుస్తకం ఎవరి పేరున ఉంది, అప్పు పత్రం బ్యాంకుదా వడ్డీ వ్యాపారిదా అన్న దాని మీద ఆధారపడుతుంది. కౌలు రైతు అయితే భూమి అతని పేరున ఉండదు. పొలం దున్నేవాడు రికార్డులో రైతే కాకుండా పోతాడు. అప్పుడు అతని చావు ఏ లెక్కలోకి వెళుతుంది? జాతీయ నేర రికార్డుల బ్యూరో అంకెల్లో ఎవరిని రైతు కింద లెక్కించారు, 2014 నుంచి రైతులనూ వ్యవసాయ కూలీలనూ విడదీసి చూపడం వల్ల పాత అంకెలతో పోలిక ఎందుకు చిక్కయింది? ఈ ప్రశ్నలు వేయడానికి చట్టం, గణాంకాలు, భూమి చరిత్ర తెలియాలి. మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఆర్థికశాస్త్ర ఆచార్యులు కె. నాగరాజ్ ఆ అంకెలను విశ్లేషించడం వల్లే, సాయినాథ్ పొలాల్లో తిరిగి రాసిన కథనాలకు దేశవ్యాప్త చిత్రం తోడయింది. ఒకరిది తరగతి గది, ఒకరిది పొలం గట్టు. జర్నలిజం శాఖ చేయవలసింది ఆ రెండు పనులూ ఒకే విద్యార్థికి నేర్పడం.

అలాంటి పని విశ్వవిద్యాలయం వల్ల అయ్యేది కాదని అనుకోనక్కరలేదు. సమాజ రేడియో సంగతే చూడండి. 2002లో విద్యాసంస్థలకు మాత్రమే ఇచ్చిన అనుమతిని 2006లో స్వచ్ఛంద సంస్థలకూ విస్తరించారు. దాని వెనక జరిగిన సుదీర్ఘ చర్చలో హైదరాబాద్ విశ్వవిద్యాలయం కమ్యూనికేషన్ శాఖ ఆచార్యులు వినోద్ పావరాల, కంచన్ మలిక్ గార్ల పరిశోధనకు స్థానముంది. 2008లో జహీరాబాద్ ప్రాంతంలోని మాచనూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ప్రసారాలు మొదలుపెట్టింది. ఉద్యోగాలకు మనుషులను పంపడం ఒక్కటే శాఖ పని కాదని, ప్రజలు మాట్లాడే హక్కు గురించి విధానాన్ని ప్రశ్నించడం కూడా దాని పనేనని ఇది చూపిస్తుంది. అయితే ఇప్పటికీ ఆ రేడియోలు సొంతంగా వార్తలు ప్రసారం చేయడానికి వీల్లేదు, ఆకాశవాణి వార్తలనే వినిపించాలి. ఆ నిబంధన ఎందుకుండాలని అడగడం కూడా శాఖల బాధ్యతే.

ఇక అభ్యంతరాలు. మొదటిది నేను మొదట్లో ఎత్తుకున్నదే. పెద్దలు చదవకుండానే గొప్ప పాత్రికేయులయ్యారు కదా? నిజమే. కానీ వాళ్లు ఏం చదివారో చూడాలి. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమని ఒకరు రాసినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి ఆగ్రహంతో సంపాదకీయం రాసి ఊరుకోలేదు. 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను అచ్చేశారు. ఆరోపణకు రుజువుతో జవాబు చెప్పడం ఎలాగో మన పాత్రికేయానికి అంతకు మించిన పాఠం లేదు. నార్ల గారు జీవితాంతం కొని చదివిన పుస్తకాలు చివరికి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి చేరాయి. యాజమాన్యంతో పొసగనప్పుడు ఆంధ్రప్రభను వదిలి, 1960లో ఆంధ్రజ్యోతికి తొలి సంపాదకుడైన మనిషి ఆయన. ఆ నిబ్బరం వెనక ఆ చదువు ఉంది. వాళ్లు విశ్వవిద్యాలయాన్ని ఇంట్లోనే కట్టుకున్నారు. కానీ ఇంటినిండా పుస్తకాలు కొనుక్కోగలిగినవాళ్లకే జర్నలిజం దక్కాలంటే అది కొద్దిమంది సొత్తుగా మిగిలిపోతుంది. మొదటి తరం చదువుకునే పిల్లలకు, దళిత బహుజన కుటుంబాల నుంచి వచ్చేవాళ్లకు, ఆడపిల్లలకు ఆ గ్రంథాలయాన్ని తక్కువ ఫీజుతో, రిజర్వేషన్‌తో తెరిచి ఉంచేది ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. పెద్దల ఉదాహరణ నా వాదాన్ని కొట్టేయడం లేదు, బలపరుస్తోంది.

రెండో అభ్యంతరం, ఈ చదువు అంత ముఖ్యమైతే పట్టా లేనివాళ్లను విలేఖరులు కానివ్వకూడదా అని. 2013లో ప్రెస్ కౌన్సిల్ అధ్యక్షుడు జస్టిస్ మార్కండేయ కట్జూ పాత్రికేయులకు కనీస విద్యార్హత ఉండాలంటూ ఒక కమిటీ వేశారు. దీన్ని నేను ఒప్పుకోను. వైద్యం, న్యాయవాదం మాదిరి జర్నలిజానికి లైసెన్సు పెడితే, లైసెన్సు ఇచ్చేవాడే దాన్ని రద్దు చేస్తాడు. రాయడం, అచ్చేయడం రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ ఇచ్చిన హక్కు, ఒక వృత్తికి ఇచ్చిన అనుమతి కాదు. ఏది అబద్ధమో తేల్చే అధికారం ప్రభుత్వ విభాగానికి ఇచ్చే 2023 నాటి ఐటీ నిబంధనను బొంబాయి హైకోర్టు 2024లో కొట్టేసింది. ఆ తీర్పు చేసిన హెచ్చరిక ఇక్కడికీ వర్తిస్తుంది. రుజువు అడిగే పద్ధతిని వీలైనంత మందికి నేర్పాలి, నేర్చుకోనివాళ్ల నోరు నొక్కకూడదు.

మూడోది, అన్నింటికంటే గట్టిది. విశ్వవిద్యాలయాలు మాత్రం స్వతంత్రమా? వైస్ చాన్సలర్ నియామకం నుంచి నిధుల దాకా ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఎన్నో శాఖల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీ కావడం లేదు. బోధించేవాళ్లలో చాలామంది పత్రిక డెస్క్‌లో ఒక్క రాత్రి కూడా గడపలేదు. ఇందులో ప్రతి మాటా నిజమే. కానీ యాజమాన్యపు బడికీ విశ్వవిద్యాలయానికీ ఒక తేడా ఉంది. యాజమాన్యపు బడి యజమానిని ప్రశ్నించకపోతే అది దాని స్వభావం. విశ్వవిద్యాలయం ప్రభుత్వాన్ని ప్రశ్నించకపోతే అది దాని వైఫల్యం. వైఫల్యాన్ని ఎత్తిచూపవచ్చు, చట్టం, కోర్టు, సమాచార హక్కు ద్వారా నిలదీయవచ్చు. స్వభావాన్ని ఎవరు నిలదీస్తారు? ఇక అనుభవం లేని అధ్యాపకుల సమస్యకు 2022లో యూజీసీ ఒక దారి చూపింది. పదిహేనేళ్ల అనుభవమున్న నిపుణులను పీహెచ్‌డీ లేకపోయినా ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్‌గా, మంజూరైన పోస్టుల్లో పది శాతం వరకు తీసుకోవచ్చు. రిటైరైన జిల్లా విలేఖరులను, పేజీలు కట్టిన సబ్ ఎడిటర్లను తరగతికి తీసుకురావడానికి ఈ వెసులుబాటు పనికొస్తుంది, పలుకుబడి ఉన్నవాళ్లకు గౌరవ పదవులు కట్టబెట్టడానికి వాడకపోతే.

నాలుగోది, ఉద్యోగాలే తగ్గిపోతుంటే ఈ చదువు ఎవరికి? ఎడిషన్లు, జిల్లా పేజీలు కుదించుకుపోతున్నాయి. వార్త రాసే పని కొంత యంత్రం కూడా చేస్తోంది. సరిగ్గా అందుకే విశ్వవిద్యాలయం పాత్ర పెరుగుతుందని నా వాదం. వాక్యం అల్లడం యంత్రానికి వచ్చేసిందంటే, వాక్యం అల్లడం మాత్రమే నేర్పిన చదువుకు విలువ పోయింది. గ్రామసభకు వెళ్లి కూర్చోవడం, ఉపాధి హామీ సామాజిక తనిఖీ నివేదికలో మస్టర్ల పేర్లను ఊళ్లో మనుషులతో సరిచూడటం, కాగ్ నివేదికలో తమ జిల్లా పేరా వెతికి పట్టుకోవడం మనిషే చేయాలి. పత్రికలు ఆ పనికి మనుషులను పంపలేకపోతున్న చోట, వందల మంది విద్యార్థులున్న సంస్థ పంపగలదు. అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు వైద్య కళాశాల ఆసుపత్రి తరహాలో, నేర్పుతూనే ప్రజలకు వార్తలు అందించే పద్ధతిని ప్రయత్నించాయి. దాన్ని యథాతథంగా ఇక్కడికి తేలేం. జీతం లేని విద్యార్థి చేత ఉద్యోగి పని చేయించుకుని పత్రికలు లాభపడే ప్రమాదం అందులో ఉంది. విద్యార్థుల కథనాలు విశ్వవిద్యాలయం పేరుతోనే, అందరికీ ఉచితంగా వెలువడితే ఆ ప్రమాదం తగ్గుతుంది.

కాబట్టి అడుగుతున్నవి మూడే. ప్రకటనలు, ప్రజాసంబంధాలను జర్నలిజం నుంచి విడదీసి వేరే కోర్సులుగా నడపండి. గణాంకాలు, పంచాయతీరాజ్, భూమి చట్టాలు, కోర్టు పద్ధతి ప్రతి జర్నలిజం విద్యార్థికీ తప్పనిసరి చేయండి, అవి తెలుగులో చెప్పండి, తెలుగులో రాయించండి. వ్యావహారిక భాషలో సంపాదకీయం రాసి చూపించిన నార్ల పేరు చెప్పుకునే నేల మీద జ్ఞానం ఇంగ్లీషులో, ఉద్యోగం తెలుగులో ఉండటం ఇక చాలు. చివరిది, ప్రతి శాఖా ఏడాదికి ఒకసారి తన జిల్లా గురించి, మూలపత్రాలతో సహా, ఒక తెలుగు నివేదిక ప్రచురించాలి. కౌలు రైతుల లెక్క కావచ్చు, సర్కారు బళ్లలో ఖాళీ పోస్టులు కావచ్చు, ఎన్నికల వేళ పత్రికల్లో వచ్చిన ప్రచారం కొలత కావచ్చు. ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయన్న అంకెతో శాఖ విలువ కట్టడం మానేసి, ఆ నివేదికలో ఒక్క వాక్యాన్నైనా ప్రభుత్వం గానీ పత్రికాధిపతి గానీ తప్పని రుజువు చేయగలిగారా అని అడుగుదాం. చేయలేకపోతే ఆ శాఖ తన పని చేసింది. చేయగలిగితే తప్పు దిద్దుకుని మర్నాడు మళ్లీ అచ్చేయాలి. పాత్రికేయుడికి కావలసిన చదువు అదే, అది చెప్పడానికే విశ్వవిద్యాలయం కావాలి.